ఎర్రబురద మీది మట్టి కప్పును కొలవబోయే ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని కొరాపుట్, రాయగడ వైపు అల్యూమినా వ్యర్థాల (ఎర్రబురద) చెరువుల మీది మట్టి కప్పును, అందులోని తేమను ఏడాదికి రెండుసార్లైనా చూడాలి: తొలకరికి ముందు మేలో, వానలు వెనకబట్టాక.

• ఒంటరిగా ఎక్కకండి. పైన పెచ్చు కట్టినా కింద బురద మెత్తగానే ఉంటుంది. కర్రతో పొడిచి చూశాకే అడుగు వేయండి.

• ఆ బురద నీటి పీహెచ్ 11 దాటొచ్చు, అంటే గాఢమైన క్షారం. పక్కలు మూసిన కళ్లద్దాలు, రబ్బరు బూట్లు, చేతి తొడుగులు, 25 లీటర్ల మంచినీళ్లు ఉండాలి. కంట్లో పడితే వెంటనే 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. నిమ్మరసం చిట్కాలు వద్దు.

• తేమ సెన్సరు అంకెను గుడ్డిగా నమ్మకండి. కెనడా లాంటి చలిదేశాల్లో గడ్డకట్టిన మట్టి ఎండినట్టు చూపిస్తుంది. సెన్సరు కొలిచేది నిజానికి మట్టి డైఎలెక్ట్రిక్ విలువను (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే తీరు). నీటికి అది సుమారు 80, మంచుగడ్డకు 3 మాత్రమే. ఇక్కడ నేల అలా గడ్డకట్టదు గానీ, మే ఎండకు మట్టి బీటలిచ్చి సెన్సరు చుట్టూ గాలి చేరుతుంది. గాలి విలువ 1. తప్పు అదే, కారణం వేరు.

• అందుకే ఆగర్ (మట్టిని తొలిచి తీసే పరికరం), మూత గట్టిగా పట్టే డబ్బాలు తీసుకెళ్లండి. నమూనాను తడిగా తూచి, 105 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూచాలి; ఆ తేడాయే తేమ. తవ్విన రంధ్రాన్ని బెంటోనైట్‌తో (తడిస్తే ఉబ్బే బంకమట్టి) దిమ్మిస కొట్టి పూడ్చాలి. చాలామంది మరిచేది ఇదే. వదిలేస్తే వాననీళ్లు నేరుగా బురదలోకి దిగుతాయి.

• లాగర్ (సెన్సరు అంకెలను నమోదు చేసే పెట్టె) గడియారం, బ్యాటరీ, తేమ పీల్చే సిలికా జెల్ చూసుకోండి.

• బీటలు, చెదపుట్టలు, ఎలుక బొరియలు, పశువుల దారులు, తెల్లటి ఉప్పు పెచ్చు రాసుకోవడానికి పటం ఉండాలి.

• మేలో మధ్యాహ్నానికల్లా ముగించండి. ఉరుము వినబడితే దిగిపోండి.