"ఎందుకు చదువుతున్నావు?" హైస్కూల్లో పిల్లల, టీచర్ల ప్రేరణను కొలిచే పద్ధతి

ఎం.ఎడ్. డిసర్టేషన్‌కో, బడిలో యాక్షన్ రీసెర్చ్‌కో ప్రేరణ మీద సర్వే చేసేవాళ్లు తరచూ మొదటి ప్రశ్నలోనే దారి తప్పుతారు. "నీకు చదువు మీద ఎంత ఆసక్తి ఉంది?" అని అడిగి 1 నుంచి 5 వరకు అంకె వేయమంటారు. క్లాసులో దాదాపు అందరూ 4 గానీ 5 గానీ వేస్తారు. దెబ్బలకు భయపడి రాత్రి పదింటిదాకా లెక్కలు చేసే పిల్లాడూ 5 వేస్తాడు, లెక్క తేలేదాకా నిద్రపట్టని పిల్లా 5 వేస్తుంది. ఆ అంకెతో మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

అడగాల్సింది ఎందుకు చదువుతున్నావని. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అభివృద్ధి చేసిన స్వయం నిర్ణయ సిద్ధాంతం ఈ "ఎందుకు"ను మెట్లుగా విడదీస్తుంది. అన్నిటికన్నా కింద తిట్లకో బహుమతికో చేసేది. దాని పైన, చేయకపోతే సిగ్గుగా, తప్పుగా అనిపించి చేసేది. ఆ పైన, దీనివల్ల నాకు ఉపయోగం ఉందని తెలిసి చేసేది. చివరిది ఇష్టం కొద్దీ చేసేది. ఈ వ్యాసంలో వీటిని బయటి ఒత్తిడి, లోపలి ఒత్తిడి, విలువ, ఇష్టం అని పిలుద్దాం. టీచర్లకూ ఇవే నాలుగు మెట్లు. పాఠం చెప్పేటప్పుడు ఒక మెట్టు మీద, రికార్డులు రాసేటప్పుడు ఇంకో మెట్టు మీద ఉంటారు, అంతే.

ఎంతమంది కావాలి

రెండు విషయాల మధ్య 0.3 పాటి సహసంబంధాన్ని (రెండూ ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె, −1 నుంచి 1 వరకు ఉంటుంది) 5 శాతం సార్థకత స్థాయిలో (లేని సంబంధాన్ని ఉందనుకునే అవకాశం 5 శాతం), 80 శాతం పవర్‌తో (నిజంగా ఉన్న సంబంధం దొరికే అవకాశం 80 శాతం) పట్టుకోవాలంటే సుమారు 85 మంది పిల్లలు చాలు. 0.2 అయితే 190 దాటాలి. సెలవులు, అరకొర జవాబులు పోగా మిగలాలి కాబట్టి దీనికి 15 శాతం కలుపుకోండి.

చాలా డిసర్టేషన్లు దెబ్బతినేది మాత్రం ఇంకోచోట. "టీచర్ ప్రేరణ పిల్లల ప్రేరణ మీద చూపే ప్రభావం" అని శీర్షిక పెట్టి, నాలుగు సెక్షన్లలో 160 మంది పిల్లల దగ్గర జవాబులు తీసుకుని, శాంపిల్ 160 అని రాస్తారు. టీచర్ల వైపు నుంచి చూస్తే మీ శాంపిల్ నాలుగే. ఒకే టీచర్ దగ్గర కూర్చునే పిల్లల జవాబులు కొంతవరకు ఒకేలా ఉంటాయి. ఆ పోలిక 0.1 అనుకుంటే (0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరిదీ ఒకే జవాబు), 40 మంది ఉన్న సెక్షన్‌కు లెక్క 1 + (40 − 1) × 0.1, అంటే 4.9. 160ని 4.9తో భాగిస్తే 33 దగ్గర తేలుతుంది. 160 కాగితాలు దిద్ది మీరు సంపాదించింది 33 మంది పాటి సమాచారమే. ఇజ్రాయెల్‌లో గై రోత్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో 132 మంది టీచర్లు, వాళ్ల దగ్గర చదివే 1,255 మంది పిల్లలు ఉన్నారు. ఒక్కో టీచర్‌కు సగటున పది మంది పిల్లలన్నమాట. మీరూ అదే దారి పట్టండి: ఒక సెక్షన్‌లో 40 మందిని అడిగే శ్రమను నాలుగు బళ్లలో పదేసి మందిని అడగడానికి పెట్టండి. ఆ పది మందిని హాజరు పట్టీలో చీటీలు తీసి ఎంచుకోవాలి. టీచర్‌ను ఎంచమంటే ముందు బెంచీ వాళ్లే వస్తారు.

ప్రశ్నలు, వాటి తెలుగు

పిల్లలకు రయన్, కానెల్ 1989లో ప్రచురించిన ప్రశ్నావళి ఇప్పటికీ పనికొస్తుంది. మొత్తం 32 వాక్యాలు: బయటి ఒత్తిడికి 9, లోపలి ఒత్తిడికి 9, విలువకు 7, ఇష్టానికి 7. హోంవర్క్ ఎందుకు చేస్తాను, క్లాసులో పని ఎందుకు చేస్తాను లాంటి ప్రశ్నల కింద కారణాలు వరసగా ఉంటాయి. ప్రతి కారణానికీ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. తెలుగులో "పూర్తిగా ఏకీభవిస్తాను" అని రాయకండి, ఏడో తరగతి పిల్లలు ఆ మాట వాడరు. "అస్సలు నిజం కాదు, అంతగా నిజం కాదు, కొంచెం నిజం, చాలా నిజం" అని పెట్టండి. లెక్కలో వీటికి వరసగా 1, 2, 3, 4 అంకెలు.

అనువాదం ఇలా సాగాలి. ఇద్దరు విడివిడిగా తెలుగులోకి మార్చాలి. ఇద్దరి పాఠాలూ పక్కపక్కన పెట్టి ఒకటి తేల్చాలి. మూలం చూడని మూడో మనిషి దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. అసలుతో పోల్చినప్పుడు ఎక్కడ అర్థం జారిందో అక్కడ దిద్దాలి. అది అయ్యాక ఆరుగురో ఎనిమిది మందో పిల్లలను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, వాక్యం చదివించి, "నీకు ఏం అర్థమైందో నీ మాటల్లో చెప్పు" అనాలి. ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు, తప్పులన్నీ బయటపడేది ఇక్కడే. "హోంవర్క్ చేయకపోవడం నాకు నచ్చదు" అనే వాక్యానికి "నిజం కాదు" అని జవాబిచ్చిన పిల్ల ఏం చెప్పినట్టు? చేయడం నచ్చదనా, చేయకపోయినా పర్వాలేదనా? తెలుగులో రెండు వ్యతిరేకాలు కలిస్తే పెద్దవాళ్లకే తికమక. వాక్యాలన్నీ అవుననే రూపంలో ఉంచండి. "కదా", "తప్పకుండా" లాంటి మాటలు కూడా తీసేయండి, అవి జవాబును చెవిలో ఊదుతాయి.

అనువాదంతో తీరని లోటు ఒకటుంది. మన పిల్లలను ఎందుకు చదువుతున్నావని నోటితో అడిగితే తరచూ వినిపించే జవాబు "అమ్మానాన్నల కోసం". మూల ప్రశ్నావళిలో దానికి తగిన చోటు లేదు. సొంతంగా ఒక వాక్యం చేర్చి, దాన్ని లోపలి ఒత్తిడి కింద వేసేవాళ్లున్నారు, విలువ కింద వేసేవాళ్లున్నారు. రెండూ సగమే సరి, ఎందుకంటే ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు మనసులున్నాయి. విడదీసి రెండు వాక్యాలుగా రాయండి. "మార్కులు తగ్గితే అమ్మానాన్నల ముఖం చూడలేను" అనేది లోపలి ఒత్తిడి. "నేను చదువుకుని నిలదొక్కుకుంటే ఇంటికి ఆసరా అవుతాను, అది నాకు కావాలి" అనేది విలువ. కూలికి వెళ్లొచ్చిన తల్లి చేతులు చూసి పుస్తకం తీసే పిల్లలో ఈ రెండూ కలిసే ఉండొచ్చు. అందుకే రెండూ అడగాలి, రెండిటికీ వేరువేరుగా అంకె రావాలి. ఇలా చేర్చినవాటిని మూలంలోని 32తో కలిపేయకుండా వేరే గుంపుగా లెక్కించండి, లేకపోతే మీ సగటులను ఇతర అధ్యయనాలతో పోల్చలేరు.

టీచర్ల ప్రశ్నావళి పనుల వారీగా ఉండాలి. ఫెర్నే బృందం 2008లో తయారుచేసిన కొలమానం పాఠం చెప్పడం, పాఠానికి సిద్ధమవడం, మూల్యాంకనం, తరగతి నిర్వహణ, పరిపాలన పనులు వంటివాటిని విడివిడిగా అడుగుతుంది. మన బళ్లలో ఆ చివరిదానికి యాప్‌లో హాజరు వేయడం, ఫొటోలు ఎక్కించడం, రిజిస్టర్లు నింపడం అని పేరుపెట్టి రాయండి. అన్నీ కలిపి "మీ ఉద్యోగం" అని అడిగితే, పాఠం చెప్పడంలో ఉన్న ఇష్టమూ కాగితాల మీది విసుగూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మధ్యలో ఒక అంకె వస్తుంది, అది ఎవరి మనసూ కాదు. పెళ్టియే బృందం 2002లో చూపింది గుర్తుంచుకోండి: పైనుంచి అధికారుల ఒత్తిడి, కిందినుంచి పిల్లల నిరాసక్తత రెండూ టీచర్ ప్రేరణను తగ్గిస్తాయి, ఆ తగ్గిన టీచర్ పిల్లలకు స్వేచ్ఛ ఇవ్వడమూ తగ్గుతుంది. కాబట్టి ఒత్తిడి గురించి నాలుగైదు వాక్యాలు తప్పక చేర్చండి.

అనుమతులు, గోప్యత

ప్రధానోపాధ్యాయుడి సంతకం ఒక్కటే చాలదు. తల్లిదండ్రుల సమ్మతి పత్రం తెలుగులో, ఒక పేజీ దాటకుండా, ఇష్టం లేకపోతే మానేయవచ్చని మొదటి మూడు వాక్యాల్లోనే చెబుతూ ఉండాలి. చదవలేని తల్లిదండ్రులకు చదివి వినిపించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. పిల్లలు కూడా సరే అనాలి. అమ్మ సంతకం పెట్టినా పిల్ల వద్దంటే వద్దు.

టీచర్ల గోప్యత ఇంకా సున్నితం. తొమ్మిది మంది పనిచేసే బడిలో వయసు, సబ్జెక్టు అడిగితే పేరు అడిగినట్టే. ఆ రెండూ అడగకండి. గూగుల్ ఫారం వాడితే మెయిల్ ఐడీ సేకరించే సెట్టింగ్ ఆపేయండి. లింకును బడి వాట్సాప్ గ్రూపులో హెడ్మాస్టర్ చేత పెట్టించకండి, ఆజ్ఞలా కనిపిస్తుంది. మీరే ఒక్కొక్కరికి పంపండి.

క్లాసులో ఆ ఇరవై ఐదు నిమిషాలు

పరీక్షలకు ముందు వారం, మార్కులు ఇచ్చిన వారం వద్దు. అప్పుడు బయటి ఒత్తిడి పెరిగి కనిపిస్తుంది, అది ఆ వారం సంగతే. భోజనం కాగానే వచ్చే పీరియడ్ కూడా వద్దు.

క్లాస్ టీచర్ గది బయట ఉండాలి. వరండాలో తిరుగుతూ కిటికీలోంచి చూస్తున్నా పిల్లల పెన్ను ఆగుతుంది. "ఇది పరీక్ష కాదు, మార్కులు లేవు, సరైన జవాబు తప్పు జవాబు లేవు, మీ సార్‌కు చూపించం" అని చెప్పి, ఆ నాలుగో మాటను నిలబెట్టుకోండి. బడి, సెక్షన్, సబ్జెక్టు టీచర్ కోడ్ కాగితం మీద ముందే మీరు వేసి తేవాలి. రోల్ నంబర్ రాయించకండి. ఆరు, ఏడు తరగతులకు ప్రతి వాక్యం మీరు గట్టిగా చదవండి. మొదటి రెండు ప్రశ్నలు నమూనాగా బోర్డు మీద చేయించండి, అందులో ఒకటి "నాకు కాకరకాయ కూర ఇష్టం" లాంటిది అయితే "అస్సలు నిజం కాదు" అని గీయడానికి పిల్లలకు జంకు పోతుంది. రాయడం అయ్యాక కాగితాలు వాళ్లే కవరులో వేయాలి, వాళ్ల ముందే అతికించాలి.

కాగితం మీది మాటకు చేతల సాక్ష్యం కావాలంటే డెసీ 1971 నాటి పద్ధతి ఉంది. సోమా అనే చెక్క ముక్కల పజిల్ ఇచ్చి, మధ్యలో పరిశోధకుడు 8 నిమిషాలు బయటికి వెళ్లేవాడు. గదిలో పత్రికలు కూడా ఉండేవి. ఆ 8 నిమిషాల్లో ఎంతసేపు పజిల్ పట్టుకున్నారన్నదే కొలత. పరిష్కరించిన పజిల్‌కు డాలరు చొప్పున ఇచ్చినవాళ్లు, ఆ డబ్బు ఆగిన తర్వాత పజిల్ మీద గడిపే సమయం తగ్గించారు. మీరు చేయాలంటే ఆరుగురు చొప్పున పిల్లలను తీసుకుని, మూడు బల్లల మీద లెక్కల పజిల్, బొమ్మల సరంజామా, బాలల పత్రిక ఉంచి, నిమిషానికోసారి ఎవరు ఎక్కడున్నారో గుర్తు వేయండి. స్నేహితురాలు ఎటు వెళ్తే అటు వెళ్లడం ఇక్కడ వచ్చే ప్రధాన లోపం. ఆరుగురూ వేర్వేరు సెక్షన్ల వాళ్లైతే అది చాలావరకు పోతుంది.

లెక్క కట్టడం

ముందు శుభ్రం చేయాలి. 32 వాక్యాలకూ ఒకే అంకె గీసిన కాగితాలు, ఐదో వంతుకు మించి ఖాళీలున్న కాగితాలు పక్కన పెట్టి, ఎన్ని తీశారో నివేదికలో రాయండి. జమోవి, జాస్ప్ రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లు, క్రోన్‌బాక్ ఆల్ఫా (ఒక మెట్టు కింది వాక్యాలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయో లేదో చెప్పే అంకె) వాటిలో నిమిషంలో వస్తుంది. ప్రతి మెట్టుకూ విడిగా చూడండి, 32కీ కలిపి తీసిన ఆల్ఫాకు అర్థం లేదు. 0.7 కన్నా తగ్గితే మిగతావాటితో కలవని వాక్యం ఏదో వెతకండి. సాధారణంగా అది అనువాదం కుదరనిదే. ఆ తర్వాత సహసంబంధాల పట్టిక తీయండి. పక్కపక్క మెట్లు బాగా కలవాలి, దూరం మెట్లు తక్కువగా కలవాలి. నాలుగూ ఒకదానితో ఒకటి ఒకేలా కలిస్తే పిల్లలు అన్నిటికీ తల ఊపారని అర్థం.

నాలుగింటినీ ఒకే అంకెగా కలిపే సూత్రం ఒకటి ప్రచారంలో ఉంది: ఇష్టం రెండింతలు, దానికి విలువ కలిపి, లోపలి ఒత్తిడి తీసేసి, బయటి ఒత్తిడి రెండింతలు తీసేయాలి. ఒక పిల్లకు ఇష్టం 3.2, విలువ 3.4, లోపలి ఒత్తిడి 3.1, బయటి ఒత్తిడి 3.5 వస్తే 6.4 + 3.4 − 3.1 − 7.0, అంటే −0.3. ఇంకో పిల్లాడికి 2.0, 2.2, 1.9, 2.2 వస్తే −0.1. అంకెలు దాదాపు ఒకటే. మొదటి పిల్లకు చదువంటే ఇష్టం ఉంది, దాని మీద భయం కూర్చుంది. రెండోవాడికి ఏదీ అంటలేదు. మొదటిదానికి భయం తగ్గించాలి, రెండోదానికి ఆ పాఠం అర్థమవుతోందో లేదో ముందు చూడాలి. అందుకే నాలుగు సగటులనూ విడిగా చూపించండి.

కారణం అనే మాట రాసేముందు

ఒకే రోజు తీసిన కొలతల నుంచి "టీచర్ ప్రేరణ వల్ల పిల్లల ప్రేరణ పెరిగింది" అని రాయకూడదు. చురుకైన పిల్లలను చూసి టీచర్‌కు హుషారు వచ్చి ఉండొచ్చు. కారణం చెప్పాలంటే లాటరీ తీసినట్టు గుంపులు విడగొట్టాలి. లెపర్, గ్రీన్, నిస్బెట్ 1973లో 51 మంది చిన్నపిల్లలతో అదే చేశారు. బొమ్మలు వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పినవాళ్లు, తర్వాతి రోజుల్లో ఖాళీ సమయంలో సుమారు 9 శాతమే బొమ్మలకు ఇచ్చారు. చెప్పకుండా చివర్లో బహుమతి అందుకున్నవాళ్లు 18 శాతం, ఏమీ ఇవ్వనివాళ్లు 17 శాతం దగ్గర ఉన్నారు. తేడా తెచ్చింది ముందే చెప్పిన మాట.

దీన్ని టీచర్ల మీదికి నేరుగా లాగకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005లో మొదలుపెట్టిన ప్రయోగంలో, పిల్లల సగటు మార్కులు 5 శాతం దాటి పెరిగిన ప్రతి శాతానికీ 500 రూపాయల బోనస్ ఇచ్చారు. రెండేళ్లకు ఆ బళ్ల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర ముందున్నారు. టీచర్ల హాజరు మారలేదు, వచ్చిన రోజున చెప్పడం పెరిగింది. ఇక్కడ కొలిచింది మార్కులను. టీచర్‌కు పాఠం మీద ఇష్టం పెరిగిందా తగ్గిందా అన్నది వేరే ప్రశ్న, దానికి పైన చెప్పిన ప్రశ్నావళి కావాలి. మీ నివేదికలో ఈ రెండిటినీ ఒకే వాక్యంలో కలపకండి.

బడికి ఫలితాలు చెప్పేటప్పుడు సెక్షన్ల వారీ పట్టిక ఇవ్వకండి. "8-బిలో బయటి ఒత్తిడి ఎక్కువ" అంటే ఏ టీచరో స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలిసిపోతుంది. తరగతి మొత్తానికి నాలుగు సగటులు, టీచర్లకు పనుల వారీగా బడి మొత్తం సగటు, అంతవరకే అందరి ముందు. తన సెక్షన్ సంగతి తెలుసుకోవాలని ఏ టీచరైనా అడిగితే ఆమెకు ఒక్కదానికే, కాగితం మీద, చేతికివ్వండి.