డ్రూల్స్ రూల్స్ లోడ్ అవ్వడానికి నిమిషం పడుతోందా? హీప్ పెంచే ముందు ఇవి చూడండి

మాది ప్రీమియం లెక్కగట్టే సర్వీసు, డ్రూల్స్ 7 (జావా రూల్ ఇంజిన్) మీద నడుస్తుంది. పాడ్ (కుబర్నెటీస్‌లో మా సర్వీసు నడిచే యూనిట్) రీస్టార్ట్ అయిన ప్రతిసారీ మొదటి రిక్వెస్ట్‌కి దాదాపు నిమిషం, ఆ తర్వాత అంతా బానే ఉండేది. రెండు రోజులు హీప్ (జావా మెమరీ) పెంచుకుంటూ కూర్చున్నాం, ఇసుమంత తేడా రాలేదు.

చివరికి ఆ నిమిషంలోనే ఐదేసి సెకన్ల గ్యాప్‌తో మూడుసార్లు జేస్టాక్ (ఏ థ్రెడ్ ఏం చేస్తోందో చూపే టూల్) తీస్తే మూడింట్లోనూ ఆ రిక్వెస్ట్ థ్రెడ్ ఎక్లిప్స్ జావా కంపైలర్ లోపలే ఉంది. అంటే మేం "కంపైల్ చేసి పెట్టాం" అనుకున్న రూల్స్ ప్రొడక్షన్‌లో మళ్ళీ మొదట్నుంచి కంపైల్ అవుతున్నాయన్నమాట!

మీదీ ఇదే కథో కాదో తెలియాలంటే రూల్స్ జార్‌ని జిప్‌లా తెరిచి మెటా-ఇన్ఫ్ ఫోల్డర్ కింద కేబేస్ డాట్ కాష్ (kbase.cache, ముందే కంపైలైన రూల్స్ ఉండేది) అనే ఫైలుందేమో చూడండి. మా దాంట్లో లేదు, ఉత్త డీఆర్ఎల్ (డ్రూల్స్ రూల్స్ రాసే భాష) టెక్స్ట్ ఫైళ్ళే ఉన్నాయి. పామ్‌లో (మావెన్ బిల్డ్ ఫైలు) ప్యాకేజింగ్ కేజార్ (kjar) బదులు జార్ అని ఉంది, బిల్డ్‌లోనే రూల్స్ కంపైల్ చేసే కై మావెన్ ప్లగిన్ కూడా లేదు, ఎవరు తీసేశారో అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు లెండి. ఆ రెండూ పెట్టి, బిల్డ్‌లోనూ రన్‌టైమ్‌లోనూ డ్రూల్స్ వెర్షన్ ఒకటే ఉండేలా చూసుకోండి.

అది చేసినా డీఆర్ఎల్ పార్సింగ్ రన్‌టైమ్‌లో మిగిలే ఉంటుంది, పైగా కండిషన్లు మొదట్లో ఎంవెల్ (డ్రూల్స్ వాడే ఎక్స్‌ప్రెషన్ భాష) ఇంటర్‌ప్రెటర్‌లో నడిచి, డిఫాల్ట్‌గా 20 సార్లు అయ్యాకే బైట్‌కోడ్‌గా మారతాయి, లోడ్ అయిపోయినా కాసేపు నత్తనడక నడిచేది అందుకే. నన్నడిగితే నేరుగా ఎగ్జిక్యూటబుల్ మోడల్‌కి వెళ్ళిపోండి: డ్రూల్స్ మోడల్ కంపైలర్ డిపెండెన్సీ యాడ్ చేసి, మావెన్‌కి జెనరేట్ మోడల్ ఎస్ (generateModel=YES) అని ఇస్తే రూల్స్ బిల్డ్‌లోనే జావా క్లాసులైపోతాయి. పాత రూల్స్‌లో టైపుల విషయంలో చూసీచూడనట్టు రాసినవి ఉంటే అక్కడ కంపైల్ ఎర్రర్లొస్తాయి, ఓపిగ్గా సరిచేసుకోవాలి.

ప్రతి రిక్వెస్టూ స్లోగా ఉంటే మాత్రం కారణం వేరే, చాలావరకు కోడ్‌లో ఎక్కడో రిక్వెస్ట్‌కొక కై కంటైనర్ (రూల్స్ జార్‌ని లోడ్ చేసి పట్టుకునే ఆబ్జెక్ట్) కొత్తగా కడుతుంటారు. దాని లోపలి కై బేస్ (కంపైలైన రూల్స్ అన్నీ ఉండేది) బరువైంది కానీ థ్రెడ్లన్నీ పంచుకోవచ్చు, ఒక్కసారి కట్టి పెట్టుకోండి. సెషన్ (డేటా ఇచ్చి రూల్స్ నడిపేది) తేలిక, అది రిక్వెస్ట్‌కొకటి తీసుకుని పనయ్యాక డిస్పోజ్ చేసేయండి. ఇంకోటి, కంటైనర్ తయారైందంటే కై బేస్ కూడా తయారైనట్టు కాదు, మొదటిసారి అడిగినప్పుడే అది కడతారు. అందుకే స్టార్టప్‌లోనే గెట్ కై బేస్ ఒకసారి పిలిచి, అది అయ్యాకే రెడీనెస్ ప్రోబ్ (పాడ్‌కి రిక్వెస్ట్‌లు పంపొచ్చా అన్న చెక్) ఓకే అనేలా పెట్టండి, లైవ్‌నెస్ ప్రోబ్‌కి (పాడ్ బతికే ఉందా అన్న చెక్) కూడా ఆ మేరకు టైమివ్వండి, లేకపోతే కుబర్నెటీస్ లోడింగ్ మధ్యలోనే పాడ్‌ని చంపేసి మళ్ళీ లేపుతుంది, ఇహ అదే గుండ్రం.

రూల్స్ మార్చి రీలోడ్ చేసినప్పుడల్లా మెటాస్పేస్ (జావా క్లాసుల వివరాలుండే మెమరీ) పెరుగుతూ పోతోందా? పాత కంటైనర్‌ని డిస్పోజ్ చేయలేదు, లేదా ఏదో స్టాటిక్ ఫీల్డ్ పట్టుకుని కూర్చుంది. జేసీఎండీలో (jcmd, జావాతో వచ్చే టూల్) క్లాస్‌లోడర్ స్టాట్స్ తీసి చూడండి, రీలోడ్‌కొకటి చొప్పున లోడర్లు పేరుకుపోయి కనిపిస్తే దొంగ దొరికినట్టే.