అడ్డదారి ఎస్‌ఈఓకి మా పిన్ని పచ్చళ్ల లెక్క

మా పిన్నిది రాజమండ్రిలో పచ్చళ్ల వ్యాపారం, అమెరికాకీ పంపుతుంది. సీసా లేబుల్ మీద, కొరియర్ డబ్బా మీద, ఆవిడ సంచిలో పెట్టుకు తిరిగే కార్డు మీద వెబ్‌సైట్ పేరే ఉంటుంది. ఆ సైట్ చూసేది, గూగుల్ వెతుకులాటలో దాన్ని పైకి తెచ్చే పని (దాన్నే ఎస్‌ఈఓ అంటారు) చేసేది నేను. 2021లో ఒకాయన "రెండొందల బ్యాక్‌లింకులు, నాలుగున్నర వేలు" అంటే కొన్నాను. బ్యాక్‌లింకులంటే వేరే సైట్లలో మన సైట్‌కి పెట్టే లింకులు. ఆరు వారాల్లో గోంగూర పచ్చడి వెతుకులాటలో మూడో పేజీ నుంచి మొదటి పేజీకొచ్చాం. "మంచి పని చేశావురా" అని పిన్ని పూతరేకులు పెట్టింది.

మార్చిలో సెర్చ్ కన్సోల్‌లో (సైట్ ఉన్నవాళ్లకి గూగుల్ ఇచ్చే లెక్కల పేజీ) మాన్యువల్ యాక్షన్, అంటే గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష, పడింది. మీ సైట్‌కి అసహజమైన లింకులొస్తున్నాయని దాని సారాంశం. లింకులు అమ్మినాయన ఫోన్ స్విచాఫ్. లింకులున్న సైట్లకి ఒక్కొక్కరికీ మెయిల్ పెట్టాను. కొందరు తీశారు, ఇద్దరు తీయడానికి డబ్బులడిగారు. శిక్ష ఎత్తేయమని గూగుల్‌కి పెట్టే రీకన్సిడరేషన్ రిక్వెస్ట్‌ని మొదటిసారి తిప్పికొట్టారు, రెండోసారి ఒప్పుకున్నారు. అప్పటికి జూన్. ఆవకాయ సీజన్ అయిపోయింది. ఇంకో ముచ్చట: శిక్ష ఎత్తేశాక మొదటి పేజీకి రాలేదు, పాత మూడో పేజీకే వచ్చాం. పైకి లేపినవే ఆ లింకులు, అవి పోయాక ఏముంటుంది?

అప్పట్నుంచి ఏ కిటుకు చెవినపడ్డా ముందు నోటుబుక్కులో నాలుగు గళ్లు గీస్తాను: ఏమొస్తుంది, దొరికితే ఏం పోతుంది, వెనక్కి తీయాలంటే ఏం చేయాలి, ఎన్నాళ్లు పడుతుంది. "గూగుల్ పట్టుకుంటుందా" అనే గడి లేదు, దానికి ఎవరి దగ్గరా జవాబుండదు. మూడో గడి ఖాళీగా మిగిలితే ఆ పని సీసా మీద పేరున్న సైట్‌లో చేయను.

కొన్న లింకులనే ఈ గళ్లలో పెట్టి చూడండి. దొంగ లింకుల్ని పట్టే గూగుల్ ప్రోగ్రాం పెంగ్విన్ 2012 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు ఇలాంటి లింకులున్న సైట్లు కిందపడ్డాయి. 2016 సెప్టెంబరు నుంచి పెంగ్విన్ ర్యాంకులిచ్చే అసలు అల్గారిథమ్‌లో కలిసిపోయి, చెత్త లింకుల్ని ఎక్కువగా లెక్కలోకే తీసుకోవడం మానేసింది. అంటే ఇప్పుడు ఎక్కువమందికి జరిగేది శిక్ష కాదు, డబ్బు గోదాట్లో పోయడం. పాపం, లింకులు అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు. కొన్న లింకులు మనిషి కంటికే తెలిసిపోతాయి. మనల్ని మెచ్చి ఎవరైనా లింకు ఇస్తే "పిన్నిగారి పచ్చళ్లు" అనో, "ఇక్కడ కొన్నాం" అనో, ఊరికే సైట్ అడ్రసో రాస్తారు. మాకు అంటగట్టిన వాటిలో నలభైకి పైగా ఒకటే మాట: "బై గోంగూర పికిల్ ఆన్‌లైన్ యూఎస్ఏ". అందులో ఒకటి ఏదో టైర్ల సైట్ అడుగున ఉంది. టైర్లు కొనేవాడికి గోంగూర ఎందుకండీ?

పెద్ద కంపెనీలు చేయడం లేదా అని మా బావ వాదిస్తాడు. చేశాయి, దొరికాయి కూడా. 2006 ఫిబ్రవరిలో డోర్‌వే పేజీలు (వెతుకులాటలో పైకి రావడానికే తప్ప చదివేవాళ్లకి పనికిరాని పేజీలు) పెట్టినందుకు బీఎండబ్ల్యూ జర్మనీ సైట్‌ని గూగుల్ తన ఇండెక్స్‌లోంచే, అంటే వెతికే జాబితాలోంచే, తీసేసింది, కొద్దిరోజులకే మళ్లీ పెట్టింది. పాటల సాహిత్యం ఇచ్చే రాప్ జీనియస్ లింకుల గొడవలో 2013 క్రిస్మస్‌కి గూగుల్ మొదటి పేజీల్లోంచి పోయి పదిరోజుల్లో తిరిగొచ్చింది. బీఎండబ్ల్యూ అని కొడితే బీఎండబ్ల్యూ రాకపోతే చిన్నబోయేది గూగులే. మా పిన్ని కనబడకపోతే పక్కవీధి పచ్చళ్లవాళ్లు కనబడతారు, అంతే తేడా. అందుకని వాళ్ల నష్టం చూసి మన నష్టాన్ని అంచనా కట్టొద్దు.

అడ్డదారులన్నీ ఒకే రకం కాదు. ఊళ్ల పేజీలే చూడండి. ఆవకాయ డాలస్, ఆవకాయ న్యూజెర్సీ, ఆవకాయ ఫ్రీమాంట్ అని ఊరి పేరు మార్చి అరవై పేజీలు చేద్దామనుకున్నాను. అవి అచ్చం డోర్‌వే పేజీలు. అరవై మానేసి మూడే చేశాను. డాలస్ పేజీలో అక్కడికి పార్సెల్ మామూలుగా ఎన్నిరోజులకి చేరుతోందో, కనీసం ఎన్ని కిలోలు తీసుకుంటే కొరియర్ ఖర్చు గిట్టుబాటవుతుందో, నూనె కారకుండా పిన్ని మూతకి టేపు ఎలా చుడుతుందో ఫొటోతో సహా పెట్టాను. ఇది డాలస్ వాళ్లకి పనికొస్తుంది. పేజీలో ఊరి పేరు చెరిపేసి చదవండి. ఏ ఊరికైనా సరిపోతే దాన్ని తీసేయండి.

స్పెల్లింగుల సంగతి కూడా అంతే. ఆవకాయని ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు చివర "కాయ" అని, ఒకరు "కై" అని, ఇంకొకరు మొదట్లో రెండు "ఏ"లు పెట్టి రాస్తారు. ఇవన్నీ తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో దాచమని ఒక కుర్రాడు సలహా ఇచ్చాడు. దాచిన అక్షరాలు నిషేధం. అదే మాటని "మావాళ్లు దీన్ని ఇలా కూడా రాస్తారు" అని అందరికీ కనబడేలా ఒక వరుసలో పెడితే తప్పులేదు. వెనక్కి తీయాలంటే ఒక్క వరుస చెరిపేయడమే.

గడువు తీరిన పాత డొమైన్ (సైట్ పేరు) కొని, దాని పాత పరపతి మీద పనికిరాని పేజీలు పెట్టి పైకి రావాలని చూడటం, ఏఐతో వందల పేజీలు దించడం: ఈ రెండింటినీ గూగుల్ 2024 మార్చిలో పేరుపెట్టి స్పామ్ నిబంధనల్లో చేర్చింది. సరదా తీరాలనుకుంటే వేరే చిన్న డొమైన్ తీసుకుని అక్కడ ఆడండి. దాన్నుంచి అసలు సైట్‌కి లింకు గానీ రీడైరెక్ట్ (మళ్లింపు) గానీ పెట్టొద్దు. దొంగ రివ్యూల జోలికి మాత్రం ఆ చిన్న డొమైన్‌లోనూ పోవద్దు. అమెరికా వాళ్లకి అమ్ముతున్నాం కదా, అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024 అక్టోబరు నుంచి దొంగ రివ్యూల్ని నిషేధిస్తూ రూలే తెచ్చింది.

ఏ ప్రయోగమైనా ఒక్కొక్కటే, తేదీ రాసుకుని చేయండి. సెర్చ్ కన్సోల్ పదహారు నెలల లెక్కలు ఉంచుతుంది కాబట్టి నిరుడు ఇదే నెలతో పోల్చండి, ఏప్రిల్‌ని అక్టోబరుతో పోల్చి మురిసిపోవద్దు. ఆవకాయ సీజన్ దెబ్బతినకూడదని మేం ఫిబ్రవరి నుంచి జూన్ దాకా సైట్‌లో ధరలు తప్ప ఏమీ ముట్టం.

ఇప్పటికే లింకులు కొనేసి ఉంటే కంగారుగా డిస్‌అవో ఫైల్ (ఈ లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి ఇచ్చే జాబితా) ఎక్కించకండి. మాన్యువల్ యాక్షన్ పడితేనో, పడేలా ఉంటేనో వాడమని గూగులే చెప్తుంది. తెలియక మంచి లింకుల్ని కూడా అందులో పెట్టేస్తే మన కాలు మనమే నరుక్కున్నట్టు. ముందు అమ్మినాయన దగ్గర పూర్తి జాబితా తీసుకోండి, ఫోన్ ఎత్తుతున్నప్పుడే. ఏ సైట్‌కి ఏ రోజు మెయిల్ పెట్టారో, ఏం జవాబొచ్చిందో ఒక షీట్‌లో రాయండి. నా రెండో రిక్వెస్ట్‌కి ఆ షీట్ జతచేశాను, మొదటిదానికి క్షమాపణ ఒక్కటే రాశాను.