ఇంపాక్ట్ వేళ ఒళ్ళు, చేతులు: చెలకలో చేసుకునే గోల్ఫ్ సాధన

మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు ఉండి గోల్ఫ్ ఆడేవాళ్ళు మంచి కోర్సు కావాలంటే గోల్కొండ నయాఖిలా దగ్గరికో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌కో పోవాలి. వారంలో మిగతా రోజులు అందుబాటులో ఉండేది ఇంటి దగ్గరి బీడు చెలక. ఇంపాక్ట్, అంటే క్లబ్ (గోల్ఫ్ కర్ర) బంతికి తగిలే క్షణం, సరిచేసుకోవడానికి అది చాలు. నిజానికి రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే మైదానంలో) వేసే రబ్బరు మ్యాట్ కన్నా మేలు. క్లబ్ బంతికి వెనక నేలకు తగిలినా మ్యాట్ మీద జారి ముందుకు పోతుంది, బంతి లేస్తుంది, మనం బాగానే కొట్టామనుకుంటాం. ఎర్రమట్టి అలా కప్పిపెట్టదు. ఎక్కడ తగిలిందో అక్కడే గీత పడుతుంది.

ఇక్కడ చెప్పేదంతా 7 ఐరన్‌తో (మధ్యరకం దూరానికి వాడే ఇనుప తల క్లబ్), కుడిచేతి వాటం వాళ్ళకు. ఎడమచేతి వాళ్ళు కుడి ఎడమలు మార్చుకోండి.

క్లబ్ పైనుంచి బంతి దాకా దిగడానికి పట్టేది సుమారు పావు సెకను. బంతి, క్లబ్ ఒకదాన్నొకటి అంటుకుని ఉండేది సెకనులో 2000వ వంతు. ఆ కాస్తలో మణికట్టును సర్దుకుంటానంటే ఎవరివల్లా కాదు. ఇంపాక్ట్ అనేది అంతకుముందు ఒళ్ళు చేసిన పనికి ఫలితం. అందుకే కాళ్ళు, నడుము, ఛాతీ, చేతులు, మణికట్టు అన్న వరుసలో సరిచేయాలి. చాలామంది మణికట్టుతో మొదలుపెట్టి నెలలు పోగొట్టుకుంటారు.

బంతి తగిలే క్షణంలో మంచి ఆటగాడు ఎలా ఉంటాడో చూడండి. బరువులో 75–80 శాతం ఎడమ పాదం మీదికి వచ్చేసి ఉంటుంది, కుడి మడమ నేల విడిచి కాస్త లేస్తుంది. నడుము టార్గెట్ వైపు 35–45 డిగ్రీలు తిరిగి ఉంటుంది, భుజాలు అంతకన్నా తక్కువ తిరుగుతాయి. చేతులు బంతి కన్నా ముందు, ఎడమ తొడకు ఎదురుగా ఉంటాయి. షాఫ్ట్ (క్లబ్ పొడుగాటి కాడ) టార్గెట్ వైపు 5–10 డిగ్రీలు వాలుతుంది. ఎడమ చేయి చాచి, ఆ మణికట్టు చదునుగా ఉంటుంది. కుడి మోచేయి ఇంకా కొంచెం మడిచి కుడి తుంటి ముందుకు వస్తుంది, కుడి మణికట్టు వెనక్కి వంగే ఉంటుంది. తల మాత్రం బంతిని దాటదు. కొట్టేముందు నిలబడ్డప్పటి పోజుకీ (దాన్నే సెటప్ అంటారు) దీనికీ పోలిక లేదు. "సెటప్‌లో ఉన్నట్టే బంతి దగ్గరికి తిరిగి రావాలి" అన్న సలహా ఎవరైనా ఇస్తే పక్కన పెట్టేయండి.

ముందుగా గ్రిప్

మణికట్టు ముందే విప్పేసి, క్లబ్ తలను చేతులను దాటించి విసిరేయడాన్ని ఫ్లిప్ అంటారు. బంతి పైకి లేస్తుంది, దూరం పోదు. దీన్ని చెడ్డ అలవాటనే అనుకుంటారు గానీ, చాలాసార్లు అది ఒళ్ళు చేసుకున్న కాపుదల. క్లబ్ ఫేస్ (బంతిని తాకే ముఖం) కుడివైపుకు తెరుచుకుని దిగుతుంటే, చేతులు ముందుంచి కొడితే బంతి కుడివైపు ఎక్కడికో పోతుంది. అది తెలిసిన చేతులు ఆఖరు క్షణంలో ఫేస్‌ను మూయడానికి తిప్పేస్తాయి. గ్రిప్ మార్చకుండా ఫ్లిప్ మానమంటే అవి మానవు. సెటప్‌లో కిందికి చూస్తే మీ ఎడమ చేతి మెటికలు రెండో మూడో కనబడాలి. ఒక్కటే కనబడితే చేతిని కొంచెం కుడివైపుకు తిప్పి పట్టుకోండి. కొత్తలో బంతి ఎడమకు పోతుంది. పోనివ్వండి, అప్పుడే ఒళ్ళు తిరగడం నేర్చుకుంటుంది.

క్రికెట్ ఆడి వచ్చినవాళ్ళకు ఇంకో రెండు చిక్కులు. టెన్నిస్ బంతిని మిడ్‌వికెట్ మీదుగా లాగి కొట్టిన కుడి చేయి ఇక్కడ కూడా బంతి దగ్గరే తిరగబడుతుంది. స్ట్రెయిట్ డ్రైవ్‌లో ఎడమ మోచేయి పైకి లేచి మడవాలి. గోల్ఫ్‌లో అదే చేస్తే మోచేయి టార్గెట్ వైపు బయటికి పొడుచుకొస్తుంది, దాన్నే చికెన్ వింగ్ అంటారు. ఫేస్ తెరిచే ఉండిపోతుంది, బంతి బలహీనంగా కుడికి జారుతుంది. ఇక క్రికెట్ ఇచ్చిన మేలు ముందు కాలి మీదికి బరువు వేసే అలవాటు. దాన్ని వదులుకోకండి.

దర్వాజ దగ్గర, గోడ దగ్గర

ఇంపాక్ట్ పోజు ఒంటికి తెలియాలంటే ముందు కదలకుండా నేర్చుకోవాలి. దర్వాజ చౌకట్టు అడుగున క్లబ్ ఫేస్‌ను ఆనించి సెటప్‌లో నిలబడండి. ఎడమ కాలి మీదికి బరువు తోయండి, బెల్టు బక్కిల్‌ను టార్గెట్ వైపు తిప్పండి, చేతులు ఎడమ తొడ ముందుకు రావాలి. ఇప్పుడు చౌకట్టును 5 సెకన్లు మెల్లగా నెట్టండి. బలం ఎడమ తొడ, పిరుదు, పొట్ట పక్క కండరాల్లో తెలియాలి. ముంజేతుల్లో తెలిస్తే మీరు చేతులతోనే నెడుతున్నారు. షాఫ్ట్ వంగేంత బలం పెట్టొద్దు. పూటకు పదిసార్లు చాలు.

రెండోది గోడ. క్లబ్ వద్దు, చేతులు ఛాతీ మీద కట్టుకోండి. రెండు పిరుదులూ గోడకు తగిలేలా వంగి నిలబడి బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను వెనక్కి ఎత్తే ఊపు) లాగా తిరగండి, కుడి పిరుదు గోడను రాస్తుంది. కిందికి తిరిగేటప్పుడు ఎడమ పిరుదు గోడకు రావాలి. అది రాకుండా నడుము గోడ వదిలి బంతి వైపు పోతే అది ఎర్లీ ఎక్స్‌టెన్షన్. చేతులకు చోటు ఉండదు, బంతి క్లబ్ మడమకు (తలలో షాఫ్ట్ వైపు కొసకు) తగిలి అడ్డంగా పోతుంది, లేదా ఒక్కసారి కుడికి, ఒక్కసారి ఎడమకు. బరువు కాలివేళ్ళ మీద ఉండటం, బంతికి మరీ దగ్గరగా నిలబడటం, తుంటి కీళ్ళు బిగుసుకుపోవడం మామూలు కారణాలు. మొదటి రెండూ ఇవాళే మార్చుకోవచ్చు.

చేతులకు తువ్వాల. దాన్ని ఛాతీకి అడ్డంగా రెండు చంకల్లో పెట్టుకుని, గడియారంలో 9 దగ్గర్నుంచి 3 దాకా సగం ఊపుతో కొట్టండి. తువ్వాల జారిందంటే చేతులు ఛాతీని విడిచి సొంతంగా పోయాయన్నమాట. పూర్తి ఊపుకు దీన్ని వాడకండి, అక్కడ కుడి చంక కొంత విడవడం సహజమే.

యూరియా సంచిలో పాత బట్టలు గట్టిగా కుక్కి, మూతి కట్టి, గోనె సంచిలో దూర్చితే ఇంపాక్ట్ బ్యాగ్ తయారు. ఇసుక, మట్టి నింపొద్దు, మణికట్టు పోతుంది. సగం వేగంతో కొట్టి, సంచికి తగిలిన చోటే ఆగి చూసుకోండి: ఎడమ చేయి, షాఫ్ట్ ఒకే గీతలో ఉన్నాయా, చేతులు ఇంకా ముందుకు ఉన్నాయా? క్లబ్ తల చేతులను దాటితే ఆ దెబ్బ లెక్కలోకి రాదు.

ముగ్గు గీత

అన్నిటికన్నా నిజం చెప్పేది ఇదే. చెలకలో రెండు గజాల చోటు ఎంచుకుని మొరం గులకలు, రాళ్ళు ఏరేయండి. ముందు రోజు సాయంత్రం రెండు మూడు బకెట్ల నీళ్ళు చల్లితే తెల్లారేసరికి మట్టి మెత్తబడుతుంది. ఎండిన చెలకను అలాగే కొడితే మోచేతి లోపలి వైపు నొప్పి పట్టుకుంటుంది, ఒకసారి వస్తే తొందరగా పోదు. పాత క్లబ్ వాడండి, కళ్ళద్దాలు పెట్టుకోండి.

టార్గెట్ దిక్కుకు అడ్డంగా మీటరు పొడుగున ముగ్గుపిండితో గీత గీయండి. గీత రెండు పాదాలకు నడుమ ఉండేలా నిలబడి, బంతి లేకుండా ఊపండి. ఒక్కో దెబ్బకు జానెడు జరుగుతూ పొండి. మట్టి లేచిన చోటు గీత మీదే మొదలై టార్గెట్ వైపు సాగితే సరి. ఊపులో అన్నిటికన్నా కింది స్థానం బంతిని దాటి 8–10 సెంటీమీటర్ల దూరంలో ఉండటం మంచి ఐరన్ దెబ్బ లక్షణం. గీతకు వెనకనే మట్టి లేస్తోందా? మణికట్టు గురించి ఆలోచించకండి. బరువు కుడి కాలి మీదే ఉండిపోయింది. డౌన్‌స్వింగ్ (క్లబ్ కిందికి దిగే ఊపు) మొదలయ్యే ముందే ఎడమ పాదాన్ని నేలకు అదిమి చూడండి. పదిలో ఏడు దెబ్బలు గీత మీదికో, దాని ముందుకో వచ్చాకే బంతి పెట్టండి.

ఫోన్‌ను నడుము ఎత్తులో, మీకు ఎదురుగా 3 మీటర్ల దూరంలో పెట్టి సెకనుకు 240 ఫ్రేమ్‌ల స్లోమోషన్‌లో తీయండి. అయినా ఒక ఫ్రేముకూ ఇంకోదానికీ నడుమ క్లబ్ తల దాదాపు 15 సెంటీమీటర్లు కదిలిపోతుంది, సరిగ్గా తగిలే క్షణం దొరక్కపోవచ్చు. ముందు ఫ్రేము, తర్వాతి ఫ్రేము రెండూ చూడండి. తగిలాక వచ్చే ఫ్రేములో ఎడమ మణికట్టు వెనక్కి విరిగి ఉంటే ఫ్లిప్ ఇంకా ఉంది. ఎండాకాలం ఉదయం 6 నుంచి 8 లోపే ముగించుకోండి.

డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే పొడుగు క్లబ్) సంగతి వేరు. బంతి ఎడమ మడమకు ఎదురుగా, టీ (నేలలో గుచ్చే చిన్న పుల్ల) మీద ఉంటుంది. క్లబ్ కింది స్థానాన్ని దాటి పైకి లేస్తూ బంతిని తాకాలి. కాబట్టి ముగ్గు గీత సాధన, షాఫ్ట్ వాల్చడం దీనికి పనికిరావు. నడుము తిరగడం మాత్రం అలాగే ఉండాలి, వెన్ను టార్గెట్‌కు దూరంగా ఇంకాస్త వాలాలి. బంతికి ఒక అడుగు ముందు బంతులు వచ్చిన ఖాళీ అట్టడబ్బాను అడ్డంగా పెట్టి కొట్టండి. డబ్బాకు క్లబ్ తగిలితే ఇంకా ఐరన్ కొట్టినట్టే పైనుంచి దిగుతున్నారు.