మధురవాడ వైపు అద్దె ఇల్లు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

విశాఖలో ఉద్యోగం రాగానే చాలామంది మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ, సాగర్ నగర్ వైపే ఇల్లు వెతుకుతారు. అద్దె ఎంత, బెడ్‌రూములెన్ని, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుందా అని చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సినవి నీళ్లు, ఉప్పుగాలి. మిగతా వాటితో ఎలాగోలా సర్దుకోవచ్చు, ఈ రెండూ తేడా కొడితే మాత్రం ఇల్లు మారక తప్పదు.

సమస్య: నెట్‌లో ఫొటోలు బాగున్నాయి, అద్దె తక్కువ, కానీ ఓనరు కనిపించడు

"నేను ఆర్మీలో ఉన్నాను, పోస్టింగ్ మీద వేరే ఊరు వచ్చాను, అడ్వాన్స్ వేస్తే తాళాలు పంపిస్తా" అన్నారంటే అక్కడితో ఆపేయండి. దేశమంతా నడుస్తున్న మోసమిది. కొందరు క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేస్తే డబ్బు మీకే వస్తుందంటారు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టే పనే లేదు. పిన్ అడిగిందంటే డబ్బు మీ ఖాతాలోంచి పోతున్నట్టే. పొరపాటున పంపేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అసలు ఈ వైపు మంచి ఇళ్లు చాలావరకు నెట్‌లోకి రావు, గేటు మీద టులెట్ బోర్డు దగ్గరే అయిపోతాయి. ఆదివారం పొద్దున్నే బండి వేసుకుని వీధులు తిరగండి, వాచ్‌మెన్‌లతో మాట్లాడండి.

సమస్య: ఇల్లు బాగుంది, రోజూ ప్రయాణంతోనే ప్రాణం పోతోంది

ఆఫీసు గాజువాక వైపు ఉండి ఇల్లు మధురవాడలో తీసుకుంటే హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ అన్నీ దాటాలి. పైగా హైవే మీద ఊరంతా మీతో పాటే కదులుతుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక పనిరోజు, మీ ఆఫీసు టైముకే ఆ దారిలో వెళ్లి చూడండి.

సమస్య: సబ్బు నురగ రాదు, కుళాయిలకు తెల్లటి పొర, నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటుంది

శివారు అపార్ట్‌మెంట్లు చాలావరకు బోరు మీద ఆధారపడతాయి. తెల్లటి పొర కడితే అది గట్టినీరు, సున్నం పాళ్లు ఎక్కువ. ఉప్పగా ఉంటే మాత్రం సంగతి వేరు. తీరం దగ్గర బోర్లు అదే పనిగా తోడితే మంచినీటి మట్టం పడిపోయి, ఆ ఖాళీలోకి భూమి లోపల్నుంచి సముద్రపు నీరు చొచ్చుకొస్తుంది. అందుకే వానాకాలంలో బాగున్న నీళ్లు మే నెలలో ఉప్పెక్కుతాయి.

ఇల్లు చూడ్డానికి వెళ్లేటప్పుడు టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నో చూపించేది) ఒకటి జేబులో వేసుకోండి, కొన్ని వందల రూపాయలే. హాల్లో కూర్చుని మాట్లాడేలోపు వంటింటి కుళాయి కింద గ్లాసు పెట్టి చూసేయండి. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు. వేరే దిక్కు లేకపోతే 2000 వరకు అనుమతిస్తారు. నా మటుకు నేను 1500 చూపించే ఇంట్లో పిల్లలతో కాపురం పెట్టమని చెప్పను. అయితే ఈ మీటర్ క్రిములను పట్టుకోలేదు, తాగడానికి ఫిల్టరో, మరిగించడమో తప్పదు.

తర్వాత వాచ్‌మెన్‌ని పక్కకి పిలిచి, "అన్నా, ఎండాకాలం ట్యాంకర్ ఎన్ని రోజులకోసారి వస్తుంది?" అని అడగండి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి ఉందా, ఏ టైముకి వస్తుంది, ఎంతసేపు వస్తుంది, అవి కూడా అడగండి. గత మే నెల మెయింటెనెన్స్ రసీదు చూపించమనండి. అద్దె రెండు వేలు తక్కువని మురిసిపోతే ఆ రెండు వేలు ట్యాంకర్ల వాటాలోనే పోవచ్చు.

సమస్య: గ్రిల్స్ తుప్పు, స్లాబు పెచ్చులు, ఏసీ ఊరికే పాడవుతోంది

ఉప్పు తేమ కాంక్రీటు లోపలికి ఇంకి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటును నెడుతుంది. అప్పుడే పెచ్చులు ఊడతాయి. ఫ్లాటులోకి కొత్తగా రంగు వేసి ఉంటే అక్కడేమీ తెలియదు. కింద పార్కింగ్‌లోకి దిగి స్తంభాలు, బీములు చూడండి. చువ్వ వెంబడి పొడుగ్గా పగులు, దాని పక్కన గోధుమరంగు మరక కనిపిస్తే వేలి కణుపుతో కొట్టండి. డొల్లగా మోగితే ఆ బిల్డింగ్ వద్దు, అది అద్దెకుండేవాళ్లు బాగు చేయించుకునే పని కాదు.

గ్రిల్స్, తలుపు బందులు మాత్రమే తుప్పు పడితే, దిగేలోపు గీకించి రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద ఎనామిల్ పెయింట్ వేయించమని ఓనరుని అడగండి. ఏసీ బయటి యూనిట్ సముద్రం వైపు కాకుండా వెనక గోడకు పెట్టించండి, అప్పుడప్పుడు మంచినీళ్లతో కడిగించండి. సముద్రం వైపు గోడకున్న అల్మారా తెరిచి మూలల్లో బూజు, చెమ్మ వాసన ఉన్నాయేమో చూడండి. తుపాను వానకు నీళ్లు అడ్డంగా కొడతాయి, కిటికీ అంచుల్లోంచి దిగుతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి ఇక్కడ కిటికీల అద్దాలు ఎలా పోయాయో చూసినవాళ్లు ఈ మాట తేలిగ్గా తీసుకోరు.

సమస్య: "ఫ్యామిలీకేనండీ" అంటున్నారు

బ్యాచిలర్లకి ఇవ్వడానికి ఓనరు సరేనన్నా ఒక్కోసారి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోదు. అసోసియేషన్ సెక్రటరీతో కూడా మాట్లాడాకే అడ్వాన్స్ ఇవ్వండి. బ్యాచిలర్లు ఐటీ హిల్స్, రుషికొండ చుట్టుపక్కల సొంతిళ్ల మేడ మీది పోర్షన్లు చూసుకుంటే తల నొప్పి తక్కువ.

సమస్య: ఖాళీ చేశాక అడ్వాన్స్ వెనక్కి రాదు

నోటిమాటతో ఇచ్చేస్తాం, అదే కారణం. పదకొండు నెలల అగ్రిమెంట్ రాయడం మామూలే. అందులో పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారు అన్నవి అంకెల్లో రాయించండి. దిగిన రోజే ప్రతి గదినీ వీడియో తీసి ఓనరుకి వాట్సాప్ చేయండి, కరెంటు మీటర్ రీడింగ్ కూడా. పాత కరెంటు బకాయి ఉందేమో సర్వీస్ నంబర్‌తో ముందే చూసుకోవచ్చు.

ఈ వైపు ఫ్లాట్లలో అమెరికాలో ఉంటున్నవాళ్లవీ ఉన్నాయి. అద్దె వాళ్ల బావగారో, పక్కింటాయనో వసూలు చేస్తారు. అలాంటప్పుడు సంతకం పెట్టేవారి దగ్గర ఓనరు రాసిచ్చిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉందో లేదో చూడండి, డబ్బు ఓనరు ఖాతాకే వేయండి. ఓనరు ఎన్నారై అయితే అద్దె ఎంతైనా అందులోంచి టీడీఎస్ (ఇది నీళ్ల టీడీఎస్ కాదు, ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టే బాధ్యత అద్దెకున్నవారిదే. ఈ సంగతి చాలామందికి నోటీసు వచ్చేదాకా తెలియదు, అగ్రిమెంట్ రాసేముందే ఆడిటర్‌ని అడిగి, కోసిన మొత్తం పోను చేతికి ఎంత ఇస్తారో ఓనరుతో తేల్చుకోండి.