వార్డులో పేషెంట్ పక్కన ఉంటున్నారా? సమస్య - పరిష్కారం

సికింద్రాబాద్ గాంధీ అయినా, విశాఖ కేజీహెచ్ అయినా, జనరల్ వార్డులో రాత్రిపూట పేషెంట్లు ఎక్కువ, సిస్టర్లు తక్కువ. తేడా వస్తే ముందు పసిగట్టాల్సింది మంచం పక్కన ఉన్న అటెండెంటే. ఏది మీరు సరిచేయొచ్చో, దేన్ని ముట్టుకోకుండా సిస్టర్‌ను పిలవాలో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

సమస్య: సెలైన్ గొట్టంలోకి రక్తం ఎక్కుతోంది

కారణం: సీసా ఖాళీ అయి ఉండొచ్చు. లేదా బాత్రూమ్‌కి తీసుకెళ్తూ సీసాను చేతికంటే కిందికి పట్టుకుని ఉంటారు. అదే చేతికి బీపీ పట్టీ కట్టినా కాసేపు ఎక్కుతుంది.

ఏం చేయాలి: సీసాను పైకెత్తండి. ఖాళీ అయితే గొట్టం మీది చిన్న చక్రాన్ని మూసి సిస్టర్‌ను పిలవండి. మూయడం వరకే మీ పని. త్వరగా అయిపోతుందని చక్రం తిప్పి వేగం పెంచేవాళ్లు ప్రతి వార్డులోనూ ఉంటారు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు అలా చేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. గొట్టంలో ఒకటి రెండు చిన్న బుడగలు కనిపిస్తే హడలిపోవాల్సిన పనిలేదు. గొట్టం పొడవునా గాలి కనిపిస్తే మాత్రం చక్రం మూసి చెప్పండి.

సమస్య: సూది ఉన్నచోట వాచింది, మంట

కారణం: సూది నరంలోంచి జారి మందు చుట్టుపక్కలకు పోతోంది, లేదా నరమే వాచింది. చక్రం మూసి వెంటనే చూపించండి. రుద్దకండి.

సమస్య: యూరిన్ బ్యాగ్‌లోకి మూత్రం రావట్లేదు

ముందు గొట్టాన్ని చివరిదాకా చూడండి. చాలాసార్లు తొడ కింద నలిగి ఉంటుంది. బ్యాగ్‌ను మంచం మీద పెట్టకండి, మూత్రం వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. నడుము కంటే కింద, నేలకు తగలకుండా వేలాడాలి. మడత సరిచేసినా రాకపోతే సిస్టర్‌కు చెప్పాలి. పొత్తికడుపు ఉబ్బితే అసలు ఆగకండి.

సమస్య: పగలంతా బాగున్న పెద్దాయన రాత్రికి మనుషుల్ని గుర్తుపట్టట్లేదు, గొట్టాలు పీకేస్తున్నారు

ఇంట్లోవాళ్లు ఎక్కువగా భయపడేది ఇక్కడే. మతి పోయిందనో, గాలి సోకిందనో అనుకుంటారు. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, మూత్రం బిగియడం, విరేచనం కాకపోవడం, నిద్ర లేకపోవడం, కొత్త మందు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. కారణాన్ని సరిచేస్తే చాలామంది తేరుకుంటారు.

అందుకే తెల్లారి రౌండ్స్ దాకా ఆగకుండా ఆ రాత్రే డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. "నిన్నటిదాకా ఇలా లేరు, ఈ సాయంత్రం నుంచే" అనే మాట తప్పకుండా చెప్పండి. ఆయనకు రోజూ మద్యం తాగే అలవాటుంటే అదీ దాచకండి. ఆస్పత్రిలో చేరాక మద్యం ఆగిపోయిన రెండు మూడు రోజుల్లో వణుకు, భ్రమలు, ఫిట్స్ రావచ్చు. పరువు పోతుందని ఇంట్లోవాళ్లు చెప్పకపోతే వైద్యం ఆలస్యమవుతుంది, ప్రాణం మీదికొస్తుంది.

ఈలోగా కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టండి. "నాన్నా, నేనే. ఆస్పత్రిలో ఉన్నాం, రాత్రి పదయింది" అని నెమ్మదిగా, ఎన్నిసార్లయినా చెప్పండి. వాదించొద్దు. మీ అంతట మీరు చేతులు కట్టేయొద్దు.

సమస్య: ఆపరేషన్ వాయిదా వేశారు

పొద్దున్నే పాపమని ఎవరో కాఫీ తాగించి ఉంటారు. మత్తులో కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. ఎప్పటినుంచి ఏమీ ఇవ్వకూడదో ముందురోజే అడిగి, రాత్రి ఉండేవాళ్లందరికీ చెప్పండి. పొరపాటున ఇచ్చేస్తే థియేటర్‌కు తీసుకెళ్లకముందే ఒప్పుకోండి.

చూడ్డానికి వచ్చేవాళ్లకు

జలుబు, జ్వరం ఉంటే రాకండి, ఫోన్ చేయండి. చేతులు కడుక్కోండి, పేషెంట్ మంచం మీద కూర్చోకండి. కొబ్బరినీళ్లు తెచ్చేముందు అడగండి. కిడ్నీ పేషెంట్‌కు అందులోని పొటాషియం గుండె లయనే దెబ్బతీయొచ్చు.

ఇక ఒక్కసారిగా ఆయాసం, ఛాతీ నొప్పి, పెదాలు నీలమవడం, తట్టి లేపినా పలకకపోవడం, ఆగకుండా రక్తం కారడం: వీటిలో ఏది కనిపించినా సిస్టర్ వేరే పేషెంట్ దగ్గర ఉన్నారని మొహమాటపడకండి. మంచం నంబర్, కనిపించిన లక్షణం, ఈ రెండూ గట్టిగా చెప్పి పిలవండి.