చార్టర్ గోడ మీద, గొడవ ఫైల్లో: ప్రభుత్వ నిర్మాణ పనుల్లో పార్ట్‌నరింగ్‌ను గుర్తించడం

పార్ట్‌నరింగ్ అంటే పని చేయించే శాఖ, కాంట్రాక్టరు, డిజైనరు, సబ్-కాంట్రాక్టర్లు ఒక పద్ధతి పెట్టుకుని సమస్యలను కలిసి తేల్చుకోవడం. కాంట్రాక్టులో ఒక్క అక్షరం మారదు, దాని కింద మనుషులు నడుచుకునే తీరు మారుతుంది. ఎలా నడుచుకుంటామో మొదటి వర్క్‌షాపులో రాసుకుని అన్ని పక్షాలూ సంతకాలు పెట్టే కాగితమే చార్టర్. అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం 1980ల చివర్లో దీన్ని ప్రభుత్వ పనుల్లోకి తెచ్చింది. బ్రిటన్‌లో 1994 నాటి లాథమ్ నివేదిక, 1998 నాటి ఈగన్ నివేదిక ఇదే దారి పట్టమన్నాయి. ఇప్పుడు పార్ట్‌నరింగ్ చేస్తున్నామని చెప్పుకోని పెద్ద ప్రాజెక్టు తక్కువే. అసలుదేదో, పేరుకేదో పోల్చుకోవడం కష్టమైంది కూడా అందుకే.

మీటింగులో టీ, నవ్వులు చూసి నిర్ణయించకండి. మూడు తేదీలు చూడండి: సమస్య కంటపడిన రోజు, అవతలి పక్షానికి చెప్పిన రోజు, తేలిన రోజు. మొదటి రెండింటి మధ్య ఎడం ఒక రోజు దాటకపోతే నమ్మకం ఉన్నట్టే. కింద చెప్పేవన్నీ ఆ ఎడం ఎక్కడెక్కడ, ఎందుకు పెరుగుతుందన్న లెక్కే.

చార్టర్ మీద అందరి సంతకాలూ ఉన్నాయి, గొడవ ఉత్తరాలు మాత్రం ఆగట్లేదు

కారణం: సంతకాలు పెట్టినవాళ్లు వేరు, సైట్లో ఎండలో నిలబడేవాళ్లు వేరు. మొదటి వర్క్‌షాపుకు పెద్దవాళ్లు వచ్చి వెళ్తారు. కొన్నాళ్లకు రెసిడెంట్ ఇంజనీరు బదిలీ అవుతాడు, కాంట్రాక్టరు తరఫు సూపరింటెండెంట్ ఇంకో పనికి పోతాడు. వాళ్ల చోట్లో వచ్చినవాళ్లకు చార్టర్ గోడకున్న ఫ్రేము మాత్రమే.

పరిష్కారం: ముఖ్యమైన మనిషి మారిన రెండు వారాల్లోపు రెండు పక్షాలనూ ఒక పూట కూర్చోబెట్టండి. మూడు నెలలకోసారి అందరూ మళ్లీ కలవాలి. ఇన్‌స్పెక్టర్లు, ఫోర్‌మన్లు ఆ గదిలో ఉండి తీరాలి, గొడవ మొదలయ్యేది వాళ్ల దగ్గరే.

ఇక్కడొక జాగ్రత్త. పార్ట్‌నరింగ్ పేరు చెప్పి నోటీసులు మానేసినవాళ్లు చాలామంది దెబ్బ తిన్నారు. బ్రిటన్‌లో వాడే ప్రామాణిక నిర్మాణ కాంట్రాక్టు ఎన్‌ఈసీ4నే చూడండి. పరస్పర నమ్మకంతో, సహకారంతో మెలగాలని 10.2 క్లాజులో రాసిన ఆ కాంట్రాక్టే, కాంట్రాక్టరు తెలియజేయాల్సిన పరిహార సంఘటనలను (అదనపు డబ్బు, గడువు రావాల్సిన సంఘటనలను) తెలిసిన ఎనిమిది వారాల్లోపు చెప్పకపోతే చాలావరకు హక్కు పోతుందని 61.3లో అంటుంది. నోటీసు పంపడం వైరం కాదు, ముందు ఫోన్ చేయకుండా పంపడమే వైరం. ‘ఈ ఉదయం మాట్లాడుకున్న ప్రకారం’ అని మొదలయ్యే ఉత్తరాలు ఎన్ని ఉన్నాయో ఒక నెల ఫైలు తీసి లెక్కపెట్టండి. ఆ ఒక్క లెక్కతో సగం సంగతి బోధపడుతుంది.

చిన్న సమస్యలు వారాల తరబడి ఒకే చోట ఉండిపోతున్నాయి

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం.

పైవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే తాను చేతగానివాడినని అనుకుంటారేమోనన్న భయం ఒక కారణం. ‘లేదు’ అంటే తప్పు పడుతుందని ఏ జవాబూ ఇవ్వకుండా కూర్చోవడం రెండోది. ప్రభుత్వ పక్షంలో రెండోది ఎక్కువ. నిర్ణయం తీసుకోనందుకు ఏ ఆడిటరూ ప్రశ్నించడు కదా!

మందు సమస్యల నిచ్చెన. ఎడమవైపు శాఖ మనుషుల పేర్లు, కుడివైపు కాంట్రాక్టరు మనుషుల పేర్లు, ప్రతి మెట్టుకూ గడువు. ఇన్‌స్పెక్టరు, ఫోర్‌మన్ మెట్టుకు ఒక రోజు, ఇంజనీర్లకు మూడు రోజులు, ప్రాజెక్టు మేనేజర్లకు ఒక వారం, ఆపై అధికారులకు రెండు వారాలు పెట్టి మొదలుపెట్టండి, పని తీరును బట్టి సర్దుకోండి. హోదాలు రాస్తే చాలదు, పేర్లూ ఫోన్ నంబర్లూ ఉండాలి. గడువు దాటితే సమస్య దానంతటదే పై మెట్టుకు వెళ్లాలి, ఎవరి అనుమతీ అడగకూడదు. వెళ్లేటప్పుడు ఇద్దరూ కలిసి ఒక పేజీ రాసుకుని వెళ్లాలి: దేని మీద ఏకాభిప్రాయం ఉంది, దేని మీద లేదు. ఒక పక్షం ఒంటరిగా పైకి పోతే అది ఫిర్యాదు అవుతుంది.

సమస్యలన్నీ రాసుకునే రిజిస్టరు ఒకటి ఉండాలి. మంచి రిజిస్టరులో ఒక వరుస ఎలా ఉంటుందో చూపిస్తాం. పునాది తవ్వకంలో డ్రాయింగులో లేని కేబుల్ డక్టు బయటపడిందనుకోండి.

సోమవారం 10.20: ఫోర్‌మన్ ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేసి ఫొటోలు పంపాడు.
11.30: ఇద్దరూ గుంటలో దిగి లోతు, దిశ కొలిచారు.
12.50: ఎక్స్‌కవేటరును పక్క పునాదికి మార్చారు. యంత్రం ఖాళీగా ఉన్నది రెండున్నర గంటలు, ఇద్దరి సంతకాలు.
మంగళవారం: డక్టు ఎవరిదో తేలలేదు, రెండో మెట్టుకు వెళ్లింది.
గురువారం: డక్టు సొంతదారు మనిషి వచ్చి చూశాడు, మళ్లించే దారి గీసుకున్నారు.

ఆ రెండున్నర గంటల డబ్బు ఎవరు కట్టాలన్నది ఇంకా తేలలేదని గమనించారా? అది తర్వాత తేల్చుకోవచ్చు. ఎన్ని గంటలన్నది మాత్రం ఆ రోజే రాసుకోవాలి, నెల తర్వాత అది రెండున్నరా, పదకొండా అన్న వాదన మొదలవుతుంది. చెడ్డ రిజిస్టరులో ఇదే వరుస ‘డక్టు: పరిశీలనలో ఉంది’ అని ఏడు వారాలు అలాగే పడి ఉంటుంది.

ప్రతి నెలా స్కోర్‌కార్డులో మంచి మార్కులే

స్కోర్‌కార్డు అంటే సహకారం ఎలా ఉందో పక్షాలన్నీ మార్కులు వేసే ఫారం. అందరూ సంతోషంగా ఉన్నట్టు కనిపిస్తే ముందు అనుమానించండి. ఫారం నింపింది ఎవరు? పేరు రాయించుకున్నారా? బిల్లు పాస్ చేసే అధికారికి తన మార్కు కనబడుతుందని తెలిసిన సబ్-కాంట్రాక్టరు నిజం రాయడు.

సగటు ఇంకో మాయ చేస్తుంది. శాఖ నుంచి 12 మంది ఐదుకు 4.6 చొప్పున, కాంట్రాక్టరు నుంచి 8 మంది 3.1 చొప్పున, సబ్-కాంట్రాక్టర్ల నుంచి ఇద్దరు 2.0 చొప్పున ఇచ్చారనుకోండి. మొత్తం సగటు 3.8. ఫరవాలేదనిపించే అంకె, కానీ దాని కింద నిప్పు రాజుకుంటోంది. మార్కులను పక్షాలవారీగా విడదీయండి, సగటు కాకుండా పక్షాల మధ్య తేడా చూడండి. ఒక పూర్తి మార్కు దాటితే తర్వాతి మీటింగులో మొదటి అంశం అదే. పేర్లు అడగకండి, లెక్కలు బయటి ఫెసిలిటేటరు (ఏ పక్షానికీ చెందకుండా మీటింగులు నడిపే మనిషి) చేత చేయించండి. ఫెసిలిటేటరు ఫీజు శాఖ, కాంట్రాక్టరు చెరి సగం పెట్టుకోవడం మంచిది. డబ్బంతా ఒకరిదైతే మనిషీ వాళ్ల మనిషే అనుకుంటారు.

అప్పటిదాకా ఒక్క క్లెయిమూ (అదనపు డబ్బు, గడువు కోరే దరఖాస్తు) లేదు, చివరి రెండు నెలల్లో కుప్పలుగా వచ్చాయి

కారణం: ఒప్పందం తర్వాత వచ్చిన మార్పుల పని జరిగిపోయింది, దాని రేటు తేలలేదు. మొహమాటానికి ఎవరూ అడగలేదు. క్లెయిములు లేకపోవడాన్ని సామరస్యమని లెక్కవేసే శాఖలు ఇక్కడే మోసపోతాయి.

పరిష్కారం: ఎన్ని మార్పులున్నాయన్నది పక్కనపెట్టి, ధర తేలని మార్పుల వయసు చూడండి. 30 రోజులు దాటినవి, 60 రోజులు దాటినవి వేరు కాలమ్స్‌లో పెట్టండి. ఒప్పుకున్న భాగానికి డబ్బు ఆపకండి, గొడవ మిగిలిన భాగం మీదే నడవనివ్వండి. గడువు పొడిగింపును డబ్బుతో కలిపే తేల్చండి. విడదీస్తే అదే సమస్య రెండోసారి బల్ల మీదికి వస్తుంది.

కట్టడం బాగుంది, ప్రారంభం రోజు రభస

ఆ కట్టడాన్ని నడపబోయేవాళ్లు జట్టులో లేరు, లేదా ఆఖర్న వచ్చారు. లండన్‌లోని హీత్రో విమానాశ్రయం ఐదో టెర్మినల్ దీనికి పేరుపడ్డ ఉదాహరణ. అక్కడ యజమాని రిస్క్‌ను తన మీద వేసుకుని, కాంట్రాక్టర్లతో కలిసి పనిచేసే ఒప్పందం పెట్టుకున్నాడు. నిర్మాణం నడిచిన తీరును ఇప్పటికీ మెచ్చుకుంటారు. 2008 మార్చి 27న తెరిచిన రోజే సామాన్ల వ్యవస్థ గందరగోళమై విమానాలు రద్దయ్యాయి. సిబ్బందికి కొత్త చోటు సరిగా అలవాటు కాకపోవడం, యజమానికీ విమాన సంస్థకూ మధ్య సమాచారం సరిగా సాగకపోవడం కారణాల్లో ముఖ్యమైనవి. డిజైను సగంలో ఉన్నప్పుడే నిర్వహణ సిబ్బందిని వర్క్‌షాపుల్లోకి తీసుకోండి, వాళ్లకు రిజిస్టరులో సమస్య రాసే హక్కు ఇవ్వండి.

పార్ట్‌నరింగ్ అవార్డు ఇచ్చారు, అందరూ మొహం ముడుచుకున్నారు

కారణాలు సాధారణంగా మూడు. నామినేషన్ ఒక్క పక్షమే రాసుకుంది. గడువులో, బడ్జెట్‌లో పూర్తవడమే కొలమానం అయింది. సులువైన పనికి అవి ఎలాగూ కలిసొస్తాయి, కష్టమైన పనిని నిభాయించినవాళ్లు వెనకబడతారు. పైగా ప్రాజెక్టు ముగిసి జట్టు చెదిరిపోయాక ఇచ్చారు.

దరఖాస్తు మీద శాఖ, కాంట్రాక్టరు, కనీసం ఇద్దరు సబ్-కాంట్రాక్టర్ల సంతకాలు అడగండి. ‘అద్భుతమైన సహకారం’ లాంటి మాటలకు మార్కులు వేయకండి. రిజిస్టరు నకలు, నిచ్చెన మీద ఎక్కిన రెండు సమస్యల పూర్తి కథ, పక్షాలవారీ స్కోర్లు అడగండి. పొరపడిన సంగతి ఒకటైనా రాయమనండి. రాయడానికి ఏమీ లేదన్నవాళ్ల దరఖాస్తును ఇంకోసారి జాగ్రత్తగా చదవాలి. ఇక మూడు నెలలకోసారి జరిగే సమావేశంలోనే ఒక ఇన్‌స్పెక్టరు, ఒక ఫోర్‌మన్ పేర్లు వాళ్లు చేసిన పనితో సహా చదివి వినిపించండి. పెద్ద అవార్డు కన్నా దీని ప్రభావం ఎక్కువ.

కాంట్రాక్టరుకు అసలు కావాల్సింది జ్ఞాపిక కాదు, తర్వాతి పని. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2011 భూకంపం తర్వాత రోడ్లు, నీటి పైపులు, మురుగు కాల్వలు పునర్నిర్మించిన కూటమిలో ఐదు నిర్మాణ సంస్థలు ఉండేవి. ఎవరి పనితీరు బాగుంటే వాళ్లకు తర్వాతి పనుల్లో వాటా పెరిగేది. మీ కొనుగోలు నియమాలు ఒప్పుకుంటే అధికారిక పనితీరు నివేదికలో సహకారానికి ఒక గడి పెట్టండి, ముందుగానే టెండరులో ప్రకటించండి.

‘ఇది కుమ్మక్కు’ అని ఆడిట్‌లో రాశారు

చాలాసార్లు తప్పు ఆడిటరుది కాదు. నిర్ణయం గుంట పక్కన మాట్లాడుకుని చేశారు, కాగితం లేదు. ప్రతి ఒప్పందానికీ అదే రోజు నాలుగు వరుసలు రాయండి: ఏం జరిగింది, ఏ దారులు చూశారు, ఏది ఎంచుకున్నారు, దాని ఖర్చు, కాలం ఎంత. కాంట్రాక్టు షరతు మారితే చార్టర్ చాలదు, రాతపూర్వక సవరణ ఉండాలి. అధికారులు కాంట్రాక్టరు నుంచి బహుమతి గానీ, విందు గానీ తీసుకోకూడదు, వర్క్‌షాపు భోజనం ఖర్చు కూడా ఎవరు పెట్టారో మినిట్స్‌లో కనబడాలి.